వయఃపత్రము చూపినగాని చదువరాదా?

2025 జూలై 25వ తేదీనుండి బ్రిటను దేశమున నొక క్రొత్త వాడుక ప్రారంభమైనది. అంతర్జాలమున పిల్లలు చూడరాని విషయములుండు స్థలమునకు బోవు ప్రతి మనుజుడును, ఇరువదేండ్ల యువకుడైనను ఎనుబదేండ్ల వృద్ధుడైనను, తనకు పదునెనిమిదేండ్లు నిండినవని ఋజువు చూపవలెను. నోటిమాట చాలదు. ముఖమునైన కెమెరాకు చూపవలెను, పాస్‌పోర్టునైన చూపవలెను, బ్యాంకుచేతనైన చెప్పింపవలెను. 2023 అక్టోబరు 26వ తేదీన రాజామోదము పొందిన ఆన్‌లైను భద్రతా శాసనము దీనికి మూలము. ఆఫ్‌కామ్ అను నియంత్రణ సంస్థ దీనికి కావలి. ఆజ్ఞ మీఱిన కంపెనీకి ఒక కోటి ఎనుబది లక్షల పౌనులుగాని, ప్రపంచమందంతట దానికివచ్చు రాబడిలో పదియవవంతుగాని, ఏది యెక్కువయైన అంతవఱకు జరిమానా విధింపవచ్చును.

ఇది పరదేశపు వ్యవహారము, మనకేల యని పాఠకులు పత్రికను మడిచి పెట్టవలదు. అమెరికాలో పెక్కు రాష్ట్రములును, ఫ్రాన్సును, ఆస్ట్రేలియాయును ఈ త్రోవనే పట్టినవి. 2026 జనవరిలో ఆంధ్రప్రదేశ్ మంత్రి నారా లోకేశ్, పదునాఱేండ్ల లోపువారికి సామాజిక మాధ్యమములను నిషేధించు విషయము తమ ప్రభుత్వము పరిశీలించుచున్నదని విదేశీ విలేకరులతో చెప్పియుండిరి. కేంద్ర శాసనసభలు 2023లోనే ఆమోదించిన వ్యక్తిగత సమాచార రక్షణ శాసనమున నిట్టిదే యొక ప్రకరణము కలదు. కావున పరుల యింట ఈ ద్వారబంధమును నిలిపినపుడు ఏ గోడ బీటలు వాఱినదో, ఎవని తల తగిలినదో, ఇప్పుడే కన్నులు తెఱచి చూచుట మనకు క్షేమము.

మొదట నొకమాట స్పష్టముగా చెప్పవలసియున్నది. పిల్లలకు కలుగుచున్న హాని కల్పితము కాదు. పదేండ్ల బాలుని చేతిలోని ఫోనులో అశ్లీలచిత్రము రెండు నొక్కుల దూరమున నున్నది. ఎవడో అపరిచితుడు బాలికకు వర్తమానములు పంపగలుగుచున్నాడు. పసివాని కన్ను తెరమీద నెంత సేపు నిలిచిన కంపెనీకి అంత లాభము. ఆ లాభమునకై వాని యాసక్తులను లెక్కగట్టి, ఒక దృశ్యము ముగియకమునుపే మఱియొక దృశ్యమును ముందు పెట్టు యంత్రములను వారు బుద్ధిపూర్వకముగా నిర్మించిరి. ఇన్నాళ్లు వయోనిర్ధారణ యన నెట్టిది? అమెరికాలో 1998లో పదుమూడేండ్ల లోపు పిల్లల సమాచారమును గూర్చి శాసనము చేసిననాటినుండి, "నీ పుట్టినతేది యెంత?" యని ఒక గడి చూపుట, పిల్లవాడు తోచిన సంవత్సరమును వ్రాయుట, కంపెనీ కన్నులు మూసికొనుట. ఇంతే. ఈ నాటకము ఎవరికిని తెలియనిది కాదు. దానికి స్వస్తి చెప్పవలెనన్న తల్లిదండ్రుల కోపము ధర్మమైనది. ఈ పత్రిక కంపెనీల పక్షమున వాదించుటకు పూనుకొనలేదు.

అయినను శాసనము ఎవరిని నిలిపి యడుగుచున్నదో చూడుడు. పిల్లవాని ముఖముమీద పిల్లవాడని వ్రాసియుండదు. పిల్లవానిని గుర్తింపవలెనన్న, వచ్చినవారినందఱను గుర్తింపవలెను. పదుగురు బాలురను ఆపుటకు వేయిమంది పెద్దలు పత్రములు తీసి చూపవలసివచ్చును. కల్లుపాకవద్ద కుఱ్ఱవానిని చూచి పొమ్మనుటకును దీనికిని పోలిక లేదు. అచ్చట చూచినవాడు మఱచిపోవును. ఇచ్చట చూచినది యంత్రము, అది వ్రాసికొనును.

ఆఫ్‌కామ్ సంస్థ అంగీకరించిన పద్ధతులు కొన్ని కలవు: గుర్తింపు పత్రపు ఫోటోను ముఖముతో పోల్చుట, ముఖమును చూచి వయసు నంచనా వేయుట, బ్యాంకు లెక్కలద్వారా తెలిసికొనుట, క్రెడిట్ కార్డు, ఫోను కంపెనీ సాక్ష్యము, ఈమెయిలు చిరునామా యెచ్చటెచ్చట వాడబడినదో చూచి నిర్ణయించుట మొదలైనవి. వినుటకు సులభముగానే యున్నవి. కాని వెబ్‌సైటులవారు ఈ పని తాము చేయరు; దీనికై వెలసిన వేఱు కంపెనీలకు అప్పగింతురు. రెడిట్ అను ప్రసిద్ధ చర్చావేదిక బ్రిటనులోని తన పాఠకుల పత్రములను చూచు పనిని అమెరికాలోని పర్సోనా యను కంపెనీ కిచ్చినది. పాఠకుడు ఒకని వాకిట నిలిచినాడు. వాని పత్రము మఱియొకని పెట్టెలో పడినది. ఆ రెండవవాని పేరు గూడ వాడు మునుపు విని యెఱుగడు.

ఆ పెట్టె తాళము ఎంత గట్టిదో 2025 అక్టోబరులో బయటపడినది. డిస్కార్డ్ అను కంపెనీకి కోట్ల సంఖ్యలో యువకులు సభ్యులు. దాని తరపున సభ్యుల ఫిర్యాదులు చూచు మఱియొక సంస్థలోనికి దొంగలు చొరబడి, సుమారు 70,000 మంది సభ్యుల ప్రభుత్వ గుర్తింపు పత్రముల ఫోటోలను చేజిక్కించుకొని యుండవచ్చునని ఆ కంపెనీయే ప్రకటించెను. ఆ ఫోటో లెట్టివి? "నా వయసును తప్పుగా లెక్కించితిరి, సరిచూడుడు" అని మొఱ పెట్టుకొన్నవారు పంపినవి. అనగా శాసనమునకు లోబడి, యంత్రము చేసిన పొరపాటును దిద్దించుకొనబోయిన పెద్దమనుష్యులే దోపిడికి గుఱియైరి. మాఱిన రహస్యపదమును మరల మార్చుకొనవచ్చును. పాస్‌పోర్టుమీది ముఖమును, పుట్టిననాటిని మార్చుకొనుట యెట్లు?

ముఖమును చూచి వయసు చెప్పు యంత్రముల సంగతియు నిట్లేయున్నది. అమెరికా ప్రభుత్వపు ప్రమాణ సంస్థ నిస్ట్ 2024లో ఇట్టి యంత్రములను పరీక్షించి, స్త్రీల ముఖముల విషయమున పొరపాట్లు పురుషులకంటె దాదాపు ఎల్లప్పుడు నెక్కువగా నున్నవనియు, పుట్టిన దేశమును బట్టియు ఫలితము మాఱుచున్నదనియు తేల్చినది. పదునెనిమిదికి ఒకటి రెండేండ్లు అటునిటుగా నున్నవారిని వేఱుచేయుట వీనికి మిక్కిలి కష్టము. కాని శాసనమునకు కావలసినది సరిగా ఆ గీతయే. ఇక బ్రిటనులోని గడుసువాండ్రు కొందఱు ఒక వీడియో ఆటలోని కథానాయకుని బొమ్మను కెమెరా యెదుట నిలిపి, దానిచేత నోరు తెఱపించి, డిస్కార్డ్ పరీక్షను దాటిపోయిరని పత్రికలలో వచ్చినది. నవ్వుకొనదగిన విషయమే. పత్రము పంపిన సాధువు దోచబడినాడు; బొమ్మను చూపిన కొంటెవాడు లోపలికి పోయినాడు.

ఈ శాసనములకు వెబ్‌సైటులవారు పలికిన బదులును గమనింపదగినది. పెద్ద కంపెనీలు లొంగినవి. వానికేమి? న్యాయవాదులు కలరు, ధనము కలదు, పరీక్షింప కూలికి తీసికొన్న కంపెనీ కలదు. లొంగుటలోగూడ అతిజాగ్రత్త చూపినవి. జరిమానా భయముచేత, మూయవలసినదానికంటె ఎక్కువ మూసినవి. రెడిట్‌లో పొగత్రాగుట మానదలచినవారును, అత్యాచారమునకు గుఱియైన స్త్రీలును ఒండొరుల నూఱడించుకొను కూటములుగూడ పత్రము చూపని బ్రిటిషు పాఠకులకు మూసియుంచబడినవని పౌరహక్కుల సంఘములవారు ఎత్తిచూపిరి. ఇట్టి కూటములకు మనుష్యులు పోవుటయే పేరు చెప్పకుండ మాటలాడవచ్చునని కదా! అక్కడ పాస్‌పోర్టు చూపుమన్న ఎవరు వత్తురు?

మఱికొన్ని కంపెనీలు తలుపులు మూసి వెడలిపోయినవి. అమెరికాలో లూయిసియానా రాష్ట్రము 2023 జనవరి 1వ తేదీనుండి, మూడవవంతునకు మించి అశ్లీలవస్తువు గల సైటులు వయోనిర్ధారణ చేసితీరవలెనని శాసించినది. (ఆ మూడవవంతు లెక్క విచిత్రమైనది. నూటికి ముప్పది పాళ్లు అశ్లీలమును, డెబ్బది పాళ్లు మఱియొకటియు పెట్టుకొన్న పెద్ద మాధ్యమము ఆ శాసనమునకు చిక్కదు.) అశ్లీల చిత్రముల వ్యాపారమున మిక్కిలి పెద్దదైన ఐలో కంపెనీ అచ్చట ఆ రాష్ట్రపు డిజిటల్ గుర్తింపును అంగీకరించి, పిమ్మట తమకు పాఠకులు నూటికి ఎనుబది మంది తగ్గిరని చెప్పుకొన్నది. ఆ యెనుబదిమంది ఋషులైపోయిరా? నియమము పాటింపని సైటులకు వలసపోయిరని ఆ కంపెనీయే వాదించుచున్నది. స్వలాభముకొఱకు చెప్పిన మాటయే కావచ్చును. అయినను త్రోసివేయదగిన మాట కాదు. తరువాత 2023 మేలో యూటాలోను, 2024 మార్చిలో టెక్సాసులోను, 2025 జూనులో ఫ్రాన్సులోను ఆ కంపెనీ తన సైటులను చూపుట మానివేసినది.

అశ్లీలము అమ్ముకొనువాడు అంగడి కట్టివేసిన మనకేమి నష్టమందురేమో! నిజమే, వానికై కంటతడి పెట్టువారము కాము. కాని 2024లో మిసిసిపీ రాష్ట్రము చేసిన శాసనము అశ్లీలమునకు మాత్రమే పరిమితము కాలేదు. సామాజిక మాధ్యమములలో చేరు ప్రతివానికిని వయోనిర్ధారణ జరుగవలెననియు, లేకున్న ఒక్కొక్క సభ్యునికి పదివేల డాలర్లవఱకు జరిమానా యనియు దాని విధి. బ్లూస్కై అను చిన్న కంపెనీ అంత భారము తాము మోయజాలమని చెప్పి, ఆ రాష్ట్రపు ప్రజల కందఱకును అప్పటికి తలుపు మూసినది. అచ్చట మూతపడినది రాజకీయములు, విజ్ఞానము, వార్తలు మాటలాడుకొను వేదిక. పెద్ద కంపెనీలు మాత్రము వ్యాపారము సాగించుకొనినవి.

బ్రిటనులో ఇంకను చిన్నవారి గతి చూడుడు. సైకిళ్లను గూర్చి, పెంపుడు జంతువులను గూర్చి, పాత యంత్రములను గూర్చి మాటలాడుకొనుటకు ఒకరిద్దఱు ఔత్సాహికులు తమ జీతపుడబ్బుతో నడపుకొను చర్చావేదికలు ఎన్నియో కలవు. అందు అశ్లీలము లేదు, లాభము లేదు. అయినను ప్రతి నిర్వాహకుడును ప్రమాదముల యంచనాపత్రములు తయారుచేసి సిద్ధముగా నుంచుకొనవలెనని శాసనము. తప్పు దొరలిన జరిమానా. ఇది భరింపలేక 2025 మార్చి గడువునకు ముందే కొందఱు తమ వేదికలను మూసివేయుచున్నామని ప్రకటించిరి. పిల్లల రక్షణకై చేసిన శాసనము కుందేళ్లవంటి చిన్ని జంతువులను పెంచుకొనువారి ముచ్చట్లను ఆపినది. సైటులలోకెల్ల పెద్దవానికి ఒక కచేరి గుమాస్తా ఖర్చు పెంచినది.

ఈ కథ మన పాత్రికేయులకు క్రొత్తది కాదు. 1910వ సంవత్సరపు ముద్రణాలయ శాసనము ఏ పత్రికను మూయుమని చెప్పలేదు. క్రొత్తగా ముద్రణాలయము పెట్టువాడు 500 రూపాయలకు తక్కువ గాకుండ, 2,000 రూపాయలకు మించకుండ ధరావతు కట్టవలెనని మాత్రమే చెప్పినది. ధనికుడు కట్టెను, కట్టలేనివాడు అచ్చుయంత్రమును అమ్ముకొనెను. ఆ శాసనము 1922లో రద్దయినది. ఆనాటి దొరల యుద్దేశమును, ఈనాటి తల్లిదండ్రుల యుద్దేశమును ఒక త్రాసున తూచుట న్యాయము కాదు, మేమట్లు తూచుటలేదు. కాని శాసనము నడుచునది ఉద్దేశముమీద గాదు, అది మోపిన భారముమీద. భారము అందఱిపైన సమానముగా మోపిన బలహీనుడే ముందుగా క్రుంగును.

ఇక లొంగనివారు, తప్పించుకొనువారు. ఫోర్‌చాన్ అను అమెరికా వేదిక, ఆఫ్‌కామ్ అడిగిన సమాచార మీయనందున 2025 అక్టోబరులో 20,000 పౌనుల జరిమానాకు పాత్రమైనది; తాము అమెరికావారము, మీ ఆజ్ఞ మాపై చెల్లదని దాని బదులు. పాఠకులలోను తప్పించుకొనువారు వేలు లక్షలైరి. వీపీఎన్ అను సాధనమొకటి కలదు. దానిని వేసికొన్న, లండనులో కూర్చున్నవాడు మఱియొక దేశమునుండి వచ్చినట్లు వెబ్‌సైటునకు కనబడును. శాసనము అమలైన రాత్రినుండి బ్రిటనులో తమ సాధనమునకై గంటగంటకు చేరువారు 1,400 శాతమునకు మించి పెరిగిరని ప్రోటాన్ కంపెనీ ప్రకటించినది. శాసనమును ఎత్తివేయుమని పార్లమెంటునకు పంపిన అర్జీపై అయిదు లక్షలకు మించి చేవ్రాళ్లు పడినవి. ఎత్తివేయుట యను నుద్దేశము తమకు లేదని ప్రభుత్వము బదులు వ్రాసినది.

మనకు సూటిగా తగులు వ్యాజ్యెమొకటి లండనులో నడచినది. వికీపీడియాను నిర్వహించు ధర్మసంస్థ ఈ శాసనముక్రింద తమను పెద్ద కంపెనీల తరగతిలో చేర్చు నిబంధనలపై ఉన్నతన్యాయస్థానమున కెక్కినది. ఆ తరగతిలో చేరిన, వ్యాసములు వ్రాయు స్వచ్ఛందకుల గుర్తింపును పరిశీలించు భారము తమపై పడుననియు, ప్రమాదకరమైన దేశములలో మాఱుపేరుతో వ్రాయువారి ప్రాణములకే ముప్పనియు వారి మొఱ. 2025 ఆగస్టు 11వ తేదీన వ్యాజ్యెము కొట్టివేయబడినది. అయితే వికీపీడియా పనికి గొప్ప విఘాతము కలిగించుటకు ఈ తీర్పు అనుమతిపత్రము కాదని న్యాయమూర్తియే హెచ్చరించెను. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో ఊరూరి చరిత్రలను, కవుల జీవితములను వ్రాసినవారు జీతము లేనివారు. పెక్కుమంది కలముపేరుతో వ్రాయువారు. అట్టివారిని పేరు, పత్రము, ముఖము అడిగిన నాడు ఎంతమంది మిగులుదురు?

అమెరికాలో ఈ వివాదము రాజ్యాంగమువఱకు పోయినది. 1997లోను 2004లోను అత్యున్నత న్యాయస్థానము, పిల్లలను కాపాడుటకై పెద్దల చదువుహక్కును ఇంత విస్తారముగా కత్తిరించుట కూడదని ఇట్టి శాసనములను అడ్డుకొన్నది. 2025 జూను 27వ తేదీన టెక్సాసు శాసనమును ఆఱుగురు న్యాయమూర్తులు సమర్థించిరి, ముగ్గురు వ్యతిరేకించిరి. పెద్దలపై పడు భారము యాదృచ్ఛికమనియే మెజారిటీవారి మతము. డాలసు, ఆస్టిను, హ్యూస్టను పట్టణములలో వేలకొలది తెలుగు కుటుంబములు కలవు. వీసాపై నివసించు మనవాడు తన పాస్‌పోర్టు ఫోటోను ఎవరో తెలియని పరీక్షక కంపెనీకి పంపుటకు ముందు ఎంత సేపు ఆలోచించునో ఊహింపవచ్చును. ఆ యాలోచనయే వాని చదువునకు అడ్డుగోడ. యాదృచ్ఛికమనుట వానికేమి ఊఱట?

ఆస్ట్రేలియా 2024 నవంబరులో చేసిన శాసనము 2025 డిసెంబరు 10వ తేదీన అమలునకు వచ్చినది. పదునాఱేండ్ల లోపువారికి పెద్ద మాధ్యమములలో ఖాతా యుండరాదు. తప్పిన కంపెనీకి నాలుగు కోట్ల తొంబదియైదు లక్షల ఆస్ట్రేలియా డాలర్లవఱకు జరిమానా. ఇందొక మంచి మాట కలదు, దానిని మెచ్చుకొనవలెను: ప్రభుత్వ గుర్తింపు పత్రమే తెమ్మని కంపెనీ పట్టుపట్టరాదు, వేఱు మార్గమును గూడ చూపవలెను, వయోనిర్ధారణకై తీసికొన్న సమాచారమును పని ముగిసిన పిదప నశింపజేయవలెను. ఐరోపా సమాఖ్య 2025 జూలైలో ప్రకటించిన నమూనాయు నిట్టిదే: పాఠకునికి వయసు నిండినదా లేదా యను ఒక్క మాట తప్ప పేరుగాని, పుట్టినతేదిగాని సైటునకు చేరరాదని దాని సంకల్పము. ఆచరణలో నెంత నిలుచునో వేఱుమాట. సమస్య పత్రమునందున్నదని గుర్తించినవారు వీరు.

మన దేశమునకు వత్తము. 2023వ సంవత్సరపు వ్యక్తిగత సమాచార రక్షణ శాసనము తొమ్మిదవ ప్రకరణమున, పదునెనిమిదేండ్లు నిండని యెవరి సమాచారమునైన వాడుకొనుటకు ముందు తల్లిదండ్రుల సమ్మతిని, సరిచూడదగిన రీతిని, కంపెనీ పొందవలెనని యున్నది. తప్పిన 200 కోట్ల రూపాయలవఱకు దండన. 2025 నవంబరులో ప్రకటింపబడిన నిబంధనలలో పదియవది ఆ సమ్మతిని సరిచూచు రీతిని చెప్పుచున్నది: కంపెనీ చేతిలో ఇదివఱకే యున్న నమ్మదగిన వివరములచేతగాని, తల్లిదండ్రులు స్వయముగా నిచ్చు వివరములచేతగాని, డిజిలాకరువంటి అధికృత సంస్థ యిచ్చు సంకేతముచేతగాని తల్లి లేక తండ్రి పెద్దవారేయని తేల్చుకొనవలెను. ప్రకటించిన నాటినుండి పదునెనిమిది మాసములకు, అనగా 2027 మేలో, ఇది అమలునకు వచ్చునట్లు వ్రాయబడినది. అందఱిని వయసడుగుమని అక్షరములలో లేదు. కాని 200 కోట్ల దండన నెత్తిపై వ్రేలాడుచుండగా, పిల్లవాడు తాను పెద్దవాడనన్న మాటను నమ్మి ఊరకుండు కంపెనీ యేది? బ్రిటనులో రెడిట్ చేసినదే ఇచ్చట అందఱును చేయుదురు.

అప్పుడు మన యిండ్లలో నేమగును? ఒక ఫోనును నలుగురు వాడుకొను కుటుంబములు మనవి. తండ్రి గల్ఫు దేశమున కూలిపని చేయును. తల్లికి చదువు రాదు. ఇంటర్మీడియటు చదువుచున్న పదునేడేండ్ల బాలిక ప్రవేశపరీక్షకు పాఠములు ఆ ఫోనులోనే వినును. పాఠశాలలు, వైద్యాలయములు తమ పనికి సమ్మతి యడుగ నక్కఱలేదని నిబంధనలలో మినహాయింపు కలదు, అది మంచిదే. కాని ఆ బాలిక చదువునదంతయు పాఠశాల చెప్పినదే యగునా? తన శరీరమును గూర్చి, ఇంట జరుగు బలవంతపు పెండ్లి ప్రయత్నమును గూర్చి, ఆమె ఎవరి నడుగవలెను? తండ్రి సమ్మతి తెచ్చుకొని అడుగవలెనా? పదమూడేండ్ల పిల్లకును పదునేడేండ్ల పిల్లకును ఒకే గీత గీచిన దేశములు మిక్కిలి తక్కువ. పదునెనిమిదేండ్ల గీత మనకు ఏ తర్కముచే వచ్చినదో చర్చింపవలసినదే.

ఋజువు మాటకు వత్తము. మన పెద్దలలో జూలై 1వ తేదీన జన్మించినవా రెంతమంది! అందఱును ఆనాడే పుట్టిరా? బడిలో చేర్చిననాడు ఉపాధ్యాయుడు రిజిస్టరులో వేసిన తేది అది. ఆధారులోనికి అదియే పోయినది. 2024 అక్టోబరులో భారత సర్వోన్నత న్యాయస్థానము, వయసును తేల్చుటకు ఆధారు తగిన ఋజువు కాదనియు, పాఠశాల వదలునపుడు ఇచ్చు ధ్రువపత్రమే మేలనియు ఒక ప్రమాద నష్టపరిహార వ్యాజ్యెమున చెప్పినది. న్యాయస్థానమే నమ్మని తేదిని వెబ్‌సైటు నమ్మవలెను. దానినిబట్టి ఒకని చదువు తెఱచుటయు మూయుటయు జరుగవలెను!

తెలుగునాట గ్రంథాలయోద్యమము నడపిన పెద్దలు ఎన్ని యిబ్బందులకైన ఓర్చి పఠనమందిరములను తెఱచిరి. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, 1911లో బెజవాడ రామమోహన గ్రంథాలయము వెలసినవి. పుస్తకము ఇంటికి కొనిపోవువాడు చీటీ వ్రాసియిచ్చును. మేజాపై పఱచిన పత్రికను చదువువానిని మాత్రము నీ పేరేమి, వయసెంత యని యెవరు నడుగరు. ఒకడు ఏ పుటవద్ద ఎంత సేపు నిలిచెనో వ్రాసికొనువాడు గ్రంథాలయాధికారి కాడు, గూఢచారి. 2017 ఆగస్టు 24వ తేదీన తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగా గోప్యత ప్రాథమిక హక్కని తీర్పిచ్చిరి. ఆ హక్కులో చదువరి అనామకత్వము చేరియున్నదని మా దృఢవిశ్వాసము.

అట్లని పిల్లలను కంపెనీల పాలు చేసి చేతులు కట్టుకొని కూర్చుండుమని చెప్పుటలేదు. మన శాసనమునందే సరియైన మందు కలదు. తొమ్మిదవ ప్రకరణము మూడవ ఉపప్రకరణము పిల్లల వెంటబడి వారి నడవడిని కనిపెట్టుటను, వారిపై గురిపెట్టి వ్యాపారప్రకటనలు వేయుటను నిషేధించుచున్నది. ఇది పాఠకుని జేబును తడుముట కాదు, వర్తకుని త్రాసును పరీక్షించుట. దీనిని మొదట కఱకుగా అమలు పెట్టుడు. అపరిచితులు పిల్లల ఖాతాలకు వర్తమానములు పంపకుండ చేయుట, అంతులేని దృశ్యప్రవాహమును ఆపుట, ఫోను కొన్ననాడే పిల్లల కట్టుబాటును తెలుగులో తల్లిదండ్రులు ఒక్క నొక్కుతో పెట్టుకొనునట్లు చేయుట, ఇవన్నియు ఎవరి పాస్‌పోర్టును అడుగకుండ చేయదగినవి. కేంద్రప్రభుత్వము కొన్ని కంపెనీలను ఈ నిషేధమునుండి మినహాయింపవచ్చునని అదే ప్రకరణమున నొక సందు విడిచియున్నది. ఆ సందులోనుండి ఎవరు దూరుదురో కనిపెట్టియుండుట ప్రజాప్రతినిధుల పని.

తుదకు ఋజువు తప్పనిసరియైనచోట, అశ్లీలము, జూదమువంటి వానివద్ద, నిండినదా లేదా యను ఒక్కమాట తప్ప మఱేమియు సైటునకు తెలియరాదు. పత్రముగాని ముఖచిత్రముగాని ఎవరివద్దను నిలువయుండరాదు. మన ప్రజల పత్రములను దాచు పెట్టెలు విదేశీ కంపెనీల యిండ్లలో నుండుట యెంతమాత్రము తగదు. స్వచ్ఛందముగా నడచు విజ్ఞానకోశములను, గ్రంథాలయములను, లాభాపేక్షలేని చిన్న వేదికలను ఈ భారమునుండి పేరుపేరున విడువవలెను.

ఆంధ్రదేశమునగాని తెలంగాణమునగాని ఇట్టి శాసనము తలపెట్టినయెడల, ముసాయిదాను శాసనసభకు తెచ్చుటకు ముందు తెలుగులో అచ్చొత్తించి, కనీసము రెండు మాసములపాటు ప్రతి శాఖాగ్రంథాలయమునందును మేజాపై నుంచవలెను. వ్యక్తిగత సమాచార రక్షణ శాసనము సమ్మతిపత్రమును ఎనిమిదవ షెడ్యూలులోని యే భాషలోనైన చదువుకొను హక్కును పౌరునికి ఇచ్చినది. సమ్మతిపత్రమును తెలుగులో చదువ హక్కుగలవానికి, ఆ పత్రమును విధించు శాసనమును తెలుగులో చదివి తన యభిప్రాయమును చెప్పు హక్కును ఉండితీరవలెను. ఆ ముసాయిదా అచ్చు పడిననాడు దానిలోని ప్రతి ప్రకరణమును ఈ పుటలలో పరిశీలింతుము.